ఇల్లు అందుబాటు ధరలో దొరకాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్ల ఖర్చు తగ్గించే కొత్త పద్ధతుల గురించి ఎక్కడ మాట్లాడినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. యంత్రంతో గోడలు పోసేస్తే సరిపోదా? అద్దెలకు కళ్లెం వేస్తే చాలదా? స్థలం కొనకుండా ఇల్లు ఎలా కొంటారు? ప్రతిసారీ మొదటినుంచి చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది. ఇల్లు సమకూరే క్రమంలోనే ప్రశ్నలను పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా నిలబడుతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

"అందుబాటు ధర" అంటే ఎంత? ఎవరికి అందుబాటు?

కుటుంబ ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి ఖర్చు కాకూడదన్నది బాగా వాడుకలో ఉన్న కొలత. దీని వెనుక పెద్ద శాస్త్రమేమీ లేదు. అమెరికాలో ప్రభుత్వ ఇళ్ల అద్దెకు 1969లో 25 శాతం పరిమితి పెట్టారు. 1981లో ప్రభుత్వ ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని 30 చేశారు. ఆ అంకె అలాగే ప్రపంచమంతా తిరిగింది.

ఈ కొలతకు ఒక లోపం ఉంది. బాగా సంపాదించేవారు 40 శాతం ఇంటికే పెట్టినా హాయిగా బతుకుతారు. చాలీచాలని ఆదాయం ఉన్నవారు 20 శాతం కట్టినా నెలాఖరుకు చేయి చాపవలసి వస్తుంది. అద్దె ఎంత అన్నదానికన్నా, అద్దె పోగా తిండికీ చదువుకీ మందులకీ ఎంత మిగిలింది అని అడగడమే సరైన లెక్క. ఏ ఆదాయం వారికి అందుబాటో చెప్పకుండా "అందుబాటు ధరలో ఇళ్లు" అని రాసిన బోర్డును ప్రకటనగానే చదవండి.

ఇంటి ధరలో అసలు డబ్బు ఎక్కడికి పోతుంది?

స్థలానికి, కట్టడానికి, వడ్డీకి, ఆలస్యానికి. వీటిపైన పన్నులు, కట్టినవారి లాభం. ఊరి నడిబొడ్డున స్థలమే సింహభాగం మింగేస్తుంది. ఊరి చివర నిర్మాణ ఖర్చు ముందుకు వస్తుంది. ఆలస్యాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. అనుమతి కోసం ఏడాది ఎదురుచూస్తే, ఆ ఏడాది పాటు స్థలం మీద పెట్టిన సొమ్ముకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. చివరికి దాన్ని కట్టేది కొనేవారే.

ఒక చిన్న లెక్క చూడండి. ఇంటి ధర 100 అనుకుందాం. అందులో నిర్మాణం సగం, అంటే 50. ఆ 50లో గోడల వాటా అయిదో వంతు, అంటే 10. గోడల ఖర్చును 30 శాతం తగ్గించే అద్భుతమైన పద్ధతి కనిపెట్టామనే అనుకుందాం. ఆదా అయ్యేది 3. వందకు మూడు. కొత్త పద్ధతి గురించి ఎవరు చెప్పినా నేను మొదట వేసే ప్రశ్న ఇదే: ఇది ధరలోని ఏ ముక్కను తగ్గిస్తుంది, ఆ ముక్క ఎంత పెద్దది?

ఇళ్లు తక్కువై ధరలు పెరుగుతున్నాయంటారు. మరి ఇన్ని ఇళ్లు ఖాళీగా ఎందుకు ఉన్నాయి?

రెండూ నిజమే. ఖాళీ ఇళ్లు ఒకచోట ఉంటాయి, ఇళ్లు కావలసినవారు మరోచోట ఉంటారు. మెక్సికోలో 2000 తర్వాత తేలికగా రుణాలిచ్చి నగరాలకు దూరంగా లక్షల చిన్న ఇళ్లు కట్టించారు. 2010 జనాభా లెక్కల నాటికి దేశంలో సుమారు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. దూరంగా కట్టిన కాలనీల్లో చాలా కుటుంబాలు తాళం వేసి వెళ్లిపోయాయి. పనికి వెళ్లి రావడానికే ఆదాయమూ రోజూ కరిగిపోతుంటే, ఇల్లు చౌకగా దొరికి ఏం లాభం?

నగరం మధ్యలో ఖాళీగా ఉంచే ఇళ్ల కథ వేరు. అవి పెట్టుబడి కోసం కొని దాచుకున్నవి. కెనడాలోని వాంకూవర్ నగరం 2017 నుంచి అలాంటి ఇళ్ల మీద ఏటా వాటి విలువలో 1 శాతం పన్ను వేసింది, తర్వాత దాన్ని 3 శాతానికి పెంచింది. కొన్ని ఇళ్లు అద్దెకు వచ్చాయి. అయితే ఉన్నవాటిని వాడుకలోకి తెచ్చేదే ఈ పన్ను. కొత్త ఇళ్ల కొరత దీనితో తీరదు.

## స్థలం దగ్గర

స్థలం కొనకుండా ఇల్లు మాత్రమే కొనవచ్చా?

కొనవచ్చు. దీన్ని కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు అంటారు. నేల ట్రస్టు పేరున ఉంటుంది. దాన్ని ఎప్పటికీ అమ్మరు. మీరు ఇంటిని మాత్రం కొని, దాని కింది స్థలాన్ని దీర్ఘకాలపు లీజుకు తీసుకుంటారు. స్థలం ధర పక్కకు తప్పుకోవడంతో ఇల్లు చేతికి అందుతుంది.

దీని మూలాల్లో ఒకటి మనకు బాగా తెలిసినదే. 1951లో పోచంపల్లిలో మొదలైన వినోబా భావే భూదానం తర్వాత గ్రామదానంగా మారింది. భూమి వ్యక్తికి కాకుండా ఊరికే చెందాలన్న ఆ ఆలోచన అమెరికాలో కొందరిని కదిలించింది. 1969లో జార్జియా రాష్ట్రంలో నల్లజాతి రైతుల కోసం పౌరహక్కుల కార్యకర్తలు "న్యూ కమ్యూనిటీస్" పేరుతో ఇలాంటి మొదటి ట్రస్టును స్థాపించారు. 1984లో అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నగరం 2 లక్షల డాలర్లు పెట్టి పట్టణ ఇళ్ల కోసం ఒక ట్రస్టును మొదలుపెట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది.

అసలు కిటుకు తిరిగి అమ్మేటప్పుడు కనబడుతుంది. బర్లింగ్టన్ పద్ధతిలో మీరు కట్టిన సొమ్ము మీకు తిరిగి వస్తుంది. పెరిగిన విలువలో నాలుగో వంతు కూడా మీదే. ఇంటి విలువ 40 పెరిగితే మీకు 10 దక్కుతుంది, మిగిలిన 30 ఇంటిలోనే ఉండిపోయి తర్వాత కొనేవారికి ధర తగ్గిస్తుంది. ఒకసారి ఇచ్చిన సాయం ఒక కుటుంబంతో ఆగిపోదు. పెరిగిన విలువంతా తమకే కావాలనుకునేవారికి మాత్రం ఈ పద్ధతి నచ్చదు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఇది వారి కోసం కాదు, అంతే.

మురికివాడల్లో ఉన్నవారికి ఎవరి పట్టా వారికిస్తే సరిపోదా?

చాలాచోట్ల పట్టా మేలే చేస్తుంది. కానీ నగరం మధ్యలో ఉన్న వాడకు రోడ్డో కాలువో బాగుచేయగానే స్థలం విలువ ఎగబాకుతుంది. అప్పుడు ఒక్కొక్కరుగా అమ్ముకుని వెళ్లిపోతారు, వచ్చిన డబ్బుతో అదే ఊళ్లో మరో గది కూడా దొరకదు. ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లో మార్టిన్ పేన్యా కాలువ ఒడ్డున ఉన్నవారు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. పూడిక తీస్తే తమ స్థలాల మీద కన్ను పడుతుందని గ్రహించి, భూమిని ఉమ్మడి ట్రస్టులో పెట్టాలని పట్టుబట్టారు. 2004లో దానికి చట్టం వచ్చింది. ఇల్లు ఎవరిది వారిదే, వారసులకూ చెందుతుంది. నేల మాత్రం అందరిదీ.

ప్రభుత్వం 99 ఏళ్ల లీజుకు ఇల్లిస్తే, గడువు తీరాక నా గతేమిటి?

ఇల్లు ప్రభుత్వానికి తిరిగి వెళుతుంది. ఈ సందేహం సింగపూర్ వారికీ ఉంది. అక్కడ 1960లో ఏర్పడిన గృహనిర్మాణ మండలి కట్టిన ఫ్లాట్లలోనే పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఉంటున్నారు. 1966 నాటి చట్టంతో ప్రభుత్వం తక్కువ ధరకు పెద్ద ఎత్తున భూమి సేకరించింది. 1968 నుంచి భవిష్యనిధి సొమ్ముతో వాయిదాలు కట్టుకునే వీలు కల్పించింది. భూమి, రుణం, నిర్మాణం మూడూ ఒకే చేతిలో ఉండటంతో పని సాగింది.

లీజులో తొలి ముప్ఫై నలభై ఏళ్లు తేడా తెలియదు. గడువు దగ్గరపడే కొద్దీ కొనేవారూ రుణమిచ్చేవారూ వెనకాడతారు, విలువ సున్నా వైపు జారుతుంది. నివాసానికి కొంటే 99 ఏళ్లు చాలు. మనవలకు ఆస్తిగా ఇవ్వాలనుకుంటే చాలవు.

చిన్న ప్లాట్లకు, ఎక్కువ అంతస్తులకు అనుమతిస్తే ధర తగ్గుతుందా, లేక స్థలం విలువే పెరుగుతుందా?

ఒక్క ప్లాటును చూస్తే స్థలం విలువ పెరుగుతుంది. అయితే ఆ విలువను ఇప్పుడు ఒక ఇంటి మీద కాకుండా నాలుగు ఇళ్ల మీద పంచుతారు. అమెరికాలోని హ్యూస్టన్ 1998లో నగర మధ్య ప్రాంతంలో కనీస ప్లాటు పరిమాణాన్ని 5,000 నుంచి 1,400 చదరపు అడుగులకు తగ్గించింది. పాత ఇల్లు ఒకటి ఉన్న చోట పక్కపక్కనే ఆనుకుని మూడు నాలుగు ఇళ్లు లేచాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో నివాస స్థలాల్లో దాదాపు మూడొంతుల మేర ఎక్కువ ఇళ్లకు అనుమతించింది, నిర్మాణాలు జోరందుకున్నాయి.

ఒక్క వీధికో ఒక్క పేటకో అనుమతి ఇస్తే లాభమంతా అక్కడి స్థల యజమానులకే పోతుంది. ఊరంతటా ఒకేసారి ఇస్తే అమ్మేవారు ఎక్కువై బేరం కొనేవారి వైపు మొగ్గుతుంది. అయినా అట్టడుగు ఆదాయం వారికి ఇది ఒక్కటే చాలదు. ఎన్ని కట్టినా వారి ఆదాయానికి తగ్గ అద్దెకు ఎవరూ కట్టరు.

పార్కింగ్‌కూ ఇంటి ధరకూ ఏమిటి సంబంధం?

సెల్లారు తవ్వడం ఖరీదైన పని. ప్రతి ఫ్లాటుకూ ఇన్ని కార్ల స్థలం ఉండి తీరాలని నిబంధన పెడితే, కారు లేనివారు కూడా ఆ తవ్వకం ఖర్చు మోస్తారు. అమెరికాలోని బఫెలో నగరం 2017లో ఆ నిబంధనను ఊరంతటా ఎత్తేసింది. పార్కింగ్ నిషేధించలేదు, కావలసినవారు కట్టుకోవచ్చన్నది, అంతే. బస్సులు సరిగా తిరగని చోట ఇది బెడిసికొడుతుంది.

## కట్టేటప్పుడు

త్రీడీ ప్రింటింగ్‌తో ఇల్లు రెండు రోజుల్లో అయిపోతుందట కదా?

గోడలు అవుతాయి. 2018లో అమెరికాలోని ఆస్టిన్‌లో 350 చదరపు అడుగుల ఇంటి గోడలను రెండు రోజుల యంత్రకాలంలో ముద్రించారు. 2021లో మద్రాసు ఐఐటీ ఆవరణలో 600 చదరపు అడుగుల ఇల్లు ఇలాగే లేచింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది: పెద్ద ముక్కు నుంచి కాంక్రీటు పేస్టులా జారుతూ పొర మీద పొర పేరుకుంటుంది.

కానీ పునాది, పైకప్పు, తలుపులు, కిటికీలు, కరెంటు, నీళ్ల గొట్టాలు, మరుగుదొడ్డి పనులన్నీ మనుషులే చేయాలి. స్థలం ధరను ఏ యంత్రమూ ముద్రించలేదు. కూలీల కొరత ఉన్నచోట, ఒకే రకం ఇళ్లు వందల్లో కట్టేచోట ఇది పనికొస్తుంది. ఒక్క ఇంటి కోసం యంత్రాన్ని తెచ్చి నిలబెట్టడం దండగ.

కార్లలా ఇళ్లను కూడా ఫ్యాక్టరీలో తయారుచేస్తే చౌక కావా?

స్వీడన్‌లో విడి ఇళ్లలో అధిక భాగం ఫ్యాక్టరీల్లో తయారైనవే. మరోవైపు అమెరికాలో 2015లో మొదలైన కటెరా అనే సంస్థ దాదాపు 200 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుని కూడా 2021లో మూతపడింది. తేడా గోడల నాణ్యతలో లేదు. ఫ్యాక్టరీకి ఆర్డరున్నా లేకున్నా జీతాలు, అద్దె, యంత్రాల వాయిదాలు ఆగవు. ఇళ్ల గిరాకీ మాత్రం వడ్డీ రేట్లతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. మామూలు గుత్తేదారు పని లేనప్పుడు మనుషులను తగ్గించుకుని కూర్చుంటాడు, ఫ్యాక్టరీ అలా కూర్చోలేదు. ఏళ్ల తరబడి ఆర్డర్లు నికరంగా ఉంటేనే ఈ పద్ధతిలో ధర దిగుతుంది.

తక్కువ ఇటుకలతో, తక్కువ సిమెంట్‌తో కట్టిన ఇల్లు గట్టిగా ఉంటుందా?

సరిగా కడితే ఉంటుంది. వాస్తుశిల్పి లారీ బేకర్ తిరువనంతపురంలో దశాబ్దాల పాటు ఇదే చేసి చూపించారు. ఆయన విరివిగా వాడిన ఎలుకబోను కట్టును దగ్గరగా చూడండి. ఇటుకను మామూలుగా పడుకోబెట్టకుండా పక్క అంచు మీద నిలబెడతారు. లోపలి వరుస 3 అంగుళాలు, బయటి వరుస 3 అంగుళాలు, మధ్యలో 3 అంగుళాల ఖాళీ. ఈ రెండు వరుసలనూ కలుపుతూ మధ్యమధ్య ఒక ఇటుక అడ్డంగా వస్తుంది. పైనుంచి చూస్తే చిన్న చిన్న గదుల బోనులా కనబడుతుంది. గోడ మందం అదే 9 అంగుళాలు, ఇటుకలు మాత్రం నాలుగో వంతు తగ్గుతాయి. మధ్యలో గాలి ఉండటంతో ఎండ వేడి కూడా తొందరగా లోపలికి రాదు.

స్లాబులోనూ ఇలాంటి పొదుపు ఉంది. స్లాబు అడుగు భాగంలో లాగుడు బలాన్ని ఆపేది ఇనుప కడ్డీలే. అక్కడి కాంక్రీటు బరువే తప్ప పెద్దగా పనిచేయదు. అందుకని కడ్డీల మధ్య పెంకులు పేర్చి, వాటి మీదుగా కాంక్రీటు పోస్తారు. కడ్డీల లెక్క ఇంజనీరు వేయాలి, మేస్త్రీ అంచనాకు వదలకూడదు. పద్ధతి తెలియని మేస్త్రీ ఎలుకబోను కట్టులోని ఖాళీని సున్నంతోనో సిమెంట్‌తోనో నింపేస్తే మిగిలేదేమీ ఉండదు. అందువల్ల మొదటి గోడ దగ్గర మీరే నిలబడండి.

సగం కట్టిన ఇల్లు ఇవ్వడమేమిటి? పేదలకు సగమే చాలా?

కోపం రావడం సహజమే, నాకూ మొదట అలాగే అనిపించింది. చిలీలోని ఇకీకే నగరంలో కింటా మన్రోయ్ అనే వాడ కథ విన్నాక మనసు మారింది. అర హెక్టారు స్థలంలో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్న దాదాపు వంద కుటుంబాలకు ప్రభుత్వ సాయం కుటుంబానికి 7,500 డాలర్లు. అందులోనే స్థలం, రోడ్డు, నీళ్లు, ఇల్లు అన్నీ రావాలి. ఆ డబ్బుతో పూర్తి ఇల్లు కట్టాలంటే ఊరికి దూరంగా చిన్న పెట్టెలాంటిది దక్కేది. వాస్తుశిల్పి అలెహాంద్రో అరవేనా బృందం ఉన్నచోటే స్థలం కొని, మంచి ఇంటిలో కష్టమైన సగాన్ని కట్టింది: పునాది, నిలువు గోడలు, పైకప్పు, వంటగది, స్నానాలగది, మెట్లు. పక్కన అంతే ఖాళీ వదిలింది. కుటుంబాలు ఆ ఖాళీని తమ వీలును బట్టి నింపుకుని ఇంటిని రెట్టింపు చేసుకున్నాయి. 2016లో ఆ బృందం ఇలాంటి నాలుగు ఇళ్ల నమూనాలను ఎవరైనా వాడుకునేలా ఉచితంగా విడుదల చేసింది.

ఇండోర్‌లోని అరణ్య కాలనీలో వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ 1980లలోనే దీనికి దగ్గరి దారి పట్టారు. ప్లాటు, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు ఇచ్చి, ఇల్లు ఎలా పెంచుకోవచ్చో చూపడానికి 80 నమూనా ఇళ్లు కట్టారు. ఎవరు ఏ సగం కట్టాలన్నదే ఇక్కడ కీలకం. మురుగు గొట్టం, పునాది ఒక కుటుంబం సొంతంగా వేసుకోలేదు. గది వేసుకోగలదు. దీన్ని తలకిందులు చేసి, గది ఇచ్చి గొట్టం వదిలేసిన పథకాలే విఫలమవుతాయి.

ఇల్లు చిన్నదైతే సరిపోతుంది కదా?

కొంతవరకే. వంటగది, స్నానాలగదే ఇంట్లో ఖరీదైన భాగాలు. పడకగదిని కుదించినంత మాత్రాన ఖర్చు ఆ మేరకు తగ్గదు. జ్యూరిక్‌లోని సహకార సంఘాలు మరో దారి తొక్కాయి. 2014లో ట్రాము డిపో మీద కట్టిన కాల్క్‌బ్రైటెలో కొన్ని ఫ్లాట్లలో ఎవరి గది, స్నానాలగది వారివే, పెద్ద వంటగది, హాలు మాత్రం ఉమ్మడివి. అందరికీ నప్పదు. ఒంటరిగా ఉండే పెద్దవారికి బాగా నప్పుతుంది.

## డబ్బు దగ్గర

వాయిదా తగ్గించడానికి రుణాన్ని 30 ఏళ్లకు పొడిగించుకోవడం మంచిదేనా?

లెక్క చూసి మీరే తేల్చుకోండి. రూపాయలైనా డాలర్లైనా ఒకటే. 9 శాతం వడ్డీకి 100 అప్పు తీసుకుని 20 ఏళ్లలో తీరిస్తే మొత్తం కట్టేది 216. దాన్నే 30 ఏళ్లకు లాగితే నెల వాయిదా పది శాతం మాత్రమే తగ్గుతుంది, మొత్తం మాత్రం 290 అవుతుంది. గడువు కదపకుండా వడ్డీని 6 శాతానికి దించితే 20 ఏళ్లలో కట్టేది 172. గోడలో ఎన్ని ఇటుకలు మిగిల్చినా ఇంత తేడా రాదు. అందుకే చౌక రుణం దొరికే సహకార సంఘాలకు, ప్రభుత్వ హామీలకు నేను యంత్రాలకన్నా ఎక్కువ మార్కులేస్తాను.

కొనేవారికి ప్రభుత్వం రాయితీ ఇస్తే మంచిదే కదా, ఎందుకు విమర్శిస్తారు?

ఇళ్లు కొత్తగా రాని చోట అందరి చేతిలో అదనంగా డబ్బు పెడితే ధర ఆ మేరకు పెరుగుతుంది. రాయితీ అమ్మేవారి జేబులోకి చేరుతుంది. అదే డబ్బును ఇల్లు కట్టడానికి పెట్టిన ఊరు వియన్నా. 1923లో ఖరీదైన ఇళ్ల మీద ఎక్కువ పడేలా ఒక గృహపన్ను వేసి, 1934 నాటికి 60,000కు పైగా ఫ్లాట్లు కట్టింది. ఇప్పుడు ఒక్క నగరపాలక సంస్థ చేతిలోనే సుమారు 2,20,000 ఫ్లాట్లున్నాయి. వాటితో పాటు పరిమిత లాభ సంఘాలు కట్టిన ఇళ్లూ ఉన్నాయి. ఆ సంఘాల ఇళ్లలో అద్దెను బజారు ధర చూసి పెట్టరు, కట్టడానికీ నిర్వహణకూ అయిన ఖర్చును బట్టి పెడతారు.

జీతం చీటీ లేదు, బ్యాంకు రుణమివ్వదు. మాలాంటివారికి దారేమిటి?

గుంపుగా వెళ్లడం. థాయిలాండ్‌లో 2003లో మొదలైన బాన్ మన్‌కోంగ్ కార్యక్రమం వ్యక్తికి కాక వాడ సంఘానికి రుణమిస్తుంది. ముందు పొదుపు చేసి చూపించాలి. తర్వాత స్థలం కొనాలా, లీజుకు తీసుకోవాలా, ఉన్నచోటే సర్దుకోవాలా అన్నది సంఘమే యజమానితో బేరమాడి తేల్చుకుంటుంది.

ఉరుగ్వేలో 1968 చట్టం తర్వాత వచ్చిన పరస్పర సహాయ సంఘాలు డబ్బుకు బదులు చెమటను ముందస్తు సొమ్ముగా లెక్కించాయి. ప్రతి కుటుంబం వారానికి 21 గంటలు పనిచేయాలి. ఎవరి ఇల్లు ఏదో చివరిదాకా తేల్చకపోతే అన్ని గోడలూ ఒకే శ్రద్ధతో లేస్తాయి.

## ఇంట్లో చేరాక

చౌకగా వచ్చిన ఇంటికి తర్వాత ఖర్చు ఎక్కువవుతుందా?

అవ్వచ్చు. కొనేటప్పుడు మూడు కాగితాలు అడగండి: నెలవారీ నిర్వహణ రుసుము, లిఫ్టు వంటి పెద్ద మరమ్మతుల కోసం దాస్తున్న నిధి, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయన్న వివరం. లిఫ్టు అవసరం లేని మూడు నాలుగంతస్తుల ఇల్లు చాలాసార్లు ఇరవై అంతస్తుల కన్నా చవకగా నడుస్తుంది.

అద్దెలు పెంచకుండా చట్టం చేస్తే సమస్య తీరిపోదా?

ఇప్పటికే ఇంట్లో ఉన్నవారికి అది గట్టి రక్షణ. ఇల్లు వెతుక్కునేవారికి మాత్రం తలుపు మూసుకుంటుంది. బెర్లిన్ 2020లో అద్దెలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. అద్దెలు తగ్గాయి, వాటితో పాటు అద్దెకిచ్చే ఇళ్ల ప్రకటనలూ తగ్గాయి. 2021లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఏటా ఇంతకు మించి పెంచకూడదని నెమ్మదైన పగ్గం వేసి, పక్కనే కొత్త ఇళ్లకు దారి ఇస్తే అద్దెదారులకు ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. పగ్గం ఒక్కటే అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఇరుకు పెరుగుతుంది.

అద్దెకున్నవాళ్లమే కలిసి భవనాన్ని కొనుక్కోవచ్చా? రేపు మాలో కొందరు అమ్మేద్దామంటే?

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో పుట్టిన మీట్స్‌హాయ్‌జర్ సిండికాట్ అనే సంస్థ సరిగ్గా ఈ భయం కోసమే ఒక తాళం తయారుచేసింది. ఒక్కో భవనానికి ఒక్కో చిన్న కంపెనీ ఉంటుంది. దానికి ఇద్దరే వాటాదారులు: ఆ భవనంలో ఉంటున్నవారి సంఘం, సిండికాట్. అద్దె ఎంత, మరమ్మతు ఎప్పుడు, కొత్తగా ఎవరు చేరాలి అన్నవన్నీ నివాసుల సంఘమే నిర్ణయిస్తుంది. భవనాన్ని అమ్మాలంటే మాత్రం సిండికాట్ కూడా ఒప్పుకోవాలి. అది ఒప్పుకోదు, దాన్ని పెట్టిందే అందుకు. కొనడానికి కావలసిన సొమ్ములో కొంత బ్యాంకు నుంచి, కొంత స్నేహితులూ చుట్టుపక్కలవారూ తక్కువ వడ్డీకి ఇచ్చే చిన్న చిన్న అప్పుల నుంచి వస్తుంది. పాత అప్పు తీరుతున్న భవనాలు నెలనెలా కొంత ఉమ్మడి నిధికి కడతాయి, అది తర్వాతి భవనం కొనేవారికి చేరుతుంది. ఇప్పటికి జర్మనీలో 150కి పైగా భవనాలు ఈ తాళం కింద ఉన్నాయి.